డాక్టరేట్ వచ్చాక ఇంకా ఏమి చదువు? మైక్రోఆర్‌ఎన్‌ఏ మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి మైక్రోఆర్‌ఎన్‌ఏను కనుగొన్నవారికి దక్కినందువల్ల కాబోలు, ఈ మాట ఇప్పుడు పెళ్లి సంబంధాల బయోడేటాల దాకా వచ్చింది. ప్రశ్నలను కుదించి, అడిగినవారి పేర్లు లేకుండా ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి డాక్టరేట్ పుచ్చుకొని విదేశంలో ‘పోస్ట్‌డాక్’ చేస్తున్నాడు. విషయం ఏమిటంటే ‘రోగనిరోధక వ్యవస్థలోను, క్యాన్సర్‌లోను మైక్రోఆర్‌ఎన్‌ఏ’ అంటాడు. అది చదువా, ఉద్యోగమా అని బంధువులు అడుగుతుంటే చెప్పలేకపోతున్నాను. — విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: అది ఉద్యోగమే, మాస్టారూ. జీతం ఉన్నది, గడువు కూడా ఉన్నది. సాధారణంగా రెండు మూడేళ్ల ఒప్పందం మీద మొదలై, అవసరాన్ని బట్టి పొడిగిస్తారు. పీహెచ్‌డీలో గురువుగారు చూపిన సమస్యను సాధిస్తే సరిపోతుంది. పోస్ట్‌డాక్‌లో మాత్రం పరిశోధకుడు తనకంటూ ఒక సమస్యను ఎంచుకొని, దానిని ఒంటిచేత్తో నడపగలనని చూపించుకోవాలి. విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల గాని, పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త పదవి గాని చాలా వరకు ఆ తరువాతి మాటే. శాశ్వతమైన కొలువు కాదన్నది నిజం. సంబంధం చూసేవారికి ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇక విషయానికి వద్దాము. మన ఒంట్లోని కణాలన్నిటిలో దాదాపు ఒకే జన్యువులు ఉన్నా, కాలేయ కణం తయారు చేసుకొనే ప్రొటీన్లు వేరు, తెల్ల రక్తకణం తయారు చేసుకొనేవి వేరు. జన్యువులోని సమాచారం ముందుగా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా మారుతుంది. ఆ నకలును చదివి కణం ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ పనిచేసేది ఈ రెంటి నడుమ. సుమారు 22 అక్షరాల పొడవు మాత్రమే ఉండే ఈ ఆర్‌ఎన్‌ఏ తునక ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో ఇమిడి, తనకు జతపడే వరుస ఉన్న మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోక భాగానికి అంటుకొంటుంది. దానితో ఆ నకలు త్వరగా శిథిలమవుతుంది, ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. మీ వైపు రైతుల మాటలో చెప్పాలంటే, ఇది కాలువకు అడ్డుకట్ట వేయడం కాదు, మడవ దగ్గర పారుదలను కొంచెం తగ్గించడం. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ వల్ల ఒక ప్రొటీన్ సగానికి పడిపోవడం కూడా అరుదే. ఈ ‘కొంచెం’ అన్న మాటను గుర్తుంచుకోండి. మీ అబ్బాయి తలనొప్పులు చాలా వరకు అక్కడి నుంచే వస్తాయి.

విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కన్‌ల బృందాలు దీనిని 1993లో సి. ఎలిగన్స్ అనే, మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో కనుగొన్నాయి. లిన్-4 అనే జన్యువు ఏ ప్రొటీన్‌నూ తయారు చేయదు. దాని నుంచి పుట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రం లిన్-14 అనే మరొక జన్యువు పనిని అదుపు చేస్తుంది. పురుగుకు సంబంధించిన వింత అనుకొని చాలామంది దానిని పక్కన పెట్టారు. 2000లో రవ్కన్ బృందం లెట్-7 అనే మరొక దానిని కనుగొని, అది మనిషితో సహా ఎన్నో జంతువులలో మార్పు లేకుండా ఉన్నదని చూపించిన తరువాతే లోకం అటు తిరిగింది.

ప్రశ్న: ఒకే మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక పుస్తకంలో క్యాన్సర్‌ను పెంచేదిగా, మరొక చోట శరీరాన్ని కాపాడేదిగా కనిపిస్తున్నది. రోగనిరోధక శక్తికీ క్యాన్సర్‌కూ ఈ లంకె ఏమిటి? — ఎం.ఎస్‌సీ. విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నలలో నాకు బాగా నచ్చినది ఇదే కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను.

రోగనిరోధక కణానికి శరీరం ఒక ప్రత్యేకమైన అనుమతి ఇచ్చింది. సూక్ష్మజీవి కంటబడగానే అది గంటల వ్యవధిలో రెట్టింపవుతూ వేల సంఖ్యకు పెరగవచ్చు. పని పూర్తికాగానే ఆగాలి, అధికభాగం చనిపోవాలి కూడా. శరీరంలోని మిగతా కణాలలో ఎక్కువ భాగానికి ఈ అనుమతి లేదు. పెరగడం, ఆగడం, చావడం అనే మూడు నిర్ణయాలలోనూ ప్రొటీన్ల మోతాదులు ముఖ్యం కనుక, మోతాదును సర్దే మైక్రోఆర్‌ఎన్‌ఏల పాత్ర ఇక్కడ ఎక్కువగా బయటపడుతుంది. ఆ సర్దుబాటు తప్పి కణం ఆగవలసిన చోట ఆగకపోతే దానినే మనము ల్యుకేమియా అనో లింఫోమా అనో అంటాము.

క్యాన్సర్‌తో మైక్రోఆర్‌ఎన్‌ఏకు సంబంధం ఉన్నదని తొలిసారి తెలిసినది కూడా రక్త క్యాన్సర్‌లోనే. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా రోగులలో సగానికి పైగా మందికి 13వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం ఊడిపోయి ఉంటుంది. అక్కడ క్యాన్సర్‌ను అడ్డుకొనే జన్యువు ఏదో ఉండాలని చాలాకాలం వెదికారు, నమ్మదగిన ప్రొటీన్ జన్యువు మాత్రం దొరకలేదు. 2002లో కార్లో క్రోచె, జార్జ్ కాలిన్‌ల బృందం ఆ భాగంలో ఉన్నవి మిర్-15, మిర్-16 అనే రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏలని చూపించింది. కణం చావకుండా అడ్డుపడే బీసీఎల్-2 అనే ప్రొటీన్‌ను ఇవి తగ్గిస్తాయని 2005లో తేలింది. ఇవి లేకపోతే ఆ ప్రొటీన్ పెరుగుతుంది, చావవలసిన బి-కణం (యాంటీబాడీలు తయారు చేసే తెల్ల రక్తకణం) బతికిపోతుంది. 2010లో ఎలుకలలో ఇదే భాగాన్ని తొలగించి చూస్తే వాటికి కూడా అదే తరహా జబ్బు వచ్చింది. ఇప్పుడు ఈ ల్యుకేమియాకు వాడుతున్న వెనెటోక్లాక్స్ అనే మాత్ర అడ్డుకొనేది కూడా ఆ బీసీఎల్-2నే. ఆ మాత్ర మైక్రోఆర్‌ఎన్‌ఏ పరిశోధన నుంచి పుట్టినది కాదు; రెండు వేర్వేరు దారులు ఒకే ప్రొటీన్ దగ్గర కలిశాయి.

మీరు పుస్తకాలలో చూసిన వైరుధ్యానికి చక్కని ఉదాహరణ మిర్-155. కొన్ని లింఫోమాలలో ఇది విపరీతంగా ఎక్కువగా ఉంటుంది. 2006లో ఎలుకల బి-కణాలలో దీనిని కృత్రిమంగా పెంచితే క్యాన్సర్ వచ్చింది. అయితే మరుసటి సంవత్సరమే, మిర్-155 అసలు లేని ఎలుకలకు టీకా వేసినా సాల్మొనెల్లా అనే బాక్టీరియా నుంచి రక్షణ రాలేదని, యాంటీబాడీలు సరిగా తయారు కాలేదని వేరే బృందాలు చూపించాయి. అంటే ఎక్కువైతే క్యాన్సర్, లేకపోతే రోగనిరోధక లోపం. ఇందులో పరస్పర విరుద్ధమైనది ఏదీ లేదు. ఒకే మైక్రోఆర్‌ఎన్‌ఏకు ఎన్నో లక్ష్యాలు ఉంటాయి, ఏ కణంలో ఏ లక్ష్యం ముఖ్యమైతే ఫలితం దానిని బట్టి ఉంటుంది.

దీనిలో ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూడండి. బి-కణాలు మంచి యాంటీబాడీ కోసం తమ జన్యువులను తామే మార్చుకొంటాయి. ఆ మార్పు చేసే ఎంజైము పేరు ఏఐడీ. ప్రయోజనం ఎంత పెద్దదో ప్రమాదమూ అంత పెద్దదే, ఎందుకంటే అది దారి తప్పి వేరే జన్యువులను తెంపితే క్రోమోజోములు అటుదిటు అతుక్కొని క్యాన్సర్‌కు నాంది పడుతుంది. మిర్-155 లక్ష్యాలలో ఏఐడీ ఒకటి. 2008లో రెండు బృందాలు మిర్-155ను ముట్టుకోకుండా, ఏఐడీ మెసెంజర్ తోకలో మిర్-155 అంటుకొనే ఆ కొద్ది అక్షరాలను మాత్రమే ఎలుకలలో మార్చివేశాయి. ఏఐడీ పెరిగింది, క్యాన్సర్‌కు దారితీసే తరహా క్రోమోజోము మార్పిడులు కూడా పెరిగాయి. లింఫోమాను పెంచే మిర్-155 ఈ ఒక్క లక్ష్యం విషయంలో మాత్రం లింఫోమా నుంచి కాపాడుతున్నదన్న మాట! వందల లక్ష్యాలలో ఫలానా దాని వల్లే ఫలానా ఫలితం అని ఇంత సూటిగా రుజువు చేసిన పనులు ఈ రంగంలో తక్కువ. నా ఉద్దేశంలో ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ మొదట చదవవలసినవి అవే.

మిర్-146ఎ గురించి క్లుప్తంగా: 2006లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాల దీనిని వెలుగులోకి తెచ్చింది. బాక్టీరియా సంకేతం అందగానే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ వాపు పుట్టించే జన్యువులతో పాటు దీనిని కూడా పుట్టిస్తుంది. ఇది తిరిగి ఆ సంకేతాన్ని మోసే ట్రాఫ్-6, ఐరాక్-1 అనే ప్రొటీన్లను తగ్గిస్తుంది. ఇది లేని ఎలుకలకు వయసు మళ్లాక సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు, ఆపైన రక్తకణాల కణితులు వచ్చాయి. ఆగని వాపు క్యాన్సర్‌కు దారితీస్తుందన్న పాత అనుమానానికి ఇది మంచి సాక్ష్యం.

ప్రశ్న: ఒక్క చుక్క రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ చూసి అన్ని క్యాన్సర్లనూ ముందే చెబుతామని ఒక ప్రకటన చూశాము. మా చిన్నాన్నగారికి చేయించవచ్చా? — పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అటువంటి పరీక్ష మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోవద్దమ్మా. ఆయనకు గడ్డ, మానని పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి ఏవైనా ఉంటే వైద్యుడి పరీక్ష, స్కానింగు, అవసరమైతే ముక్క తీసి చేసే బయాప్సీ, ఇవే దారి. పొగాకు నమిలే, చుట్ట కాల్చే అలవాటు ఉంటే నోటి పరీక్ష తప్పకుండా చేయించండి. దానికి టార్చిలైటు, అనుభవం ఉన్న కన్ను చాలు.

ప్రకటన వెనుక కొంత నిజం లేకపోలేదు. మైక్రోఆర్‌ఎన్‌ఏలు కణాల బయట, రక్తంలో కూడా చెదరకుండా నిలుస్తాయని 2008లో వెల్లడయ్యాక, వాటితో క్యాన్సర్‌ను పసిగట్టాలని ప్రపంచమంతటా ప్రయత్నాలు మొదలయ్యాయి. ఫలితాలు మాత్రం ఒక ప్రయోగశాలవి మరొక దానితో కలవడం లేదు. ఇందుకు ముఖ్యమైన కారణం చాలా మామూలుది. ఎర్ర రక్తకణాలలో మిర్-451, మిర్-16 దండిగా ఉంటాయి. రక్తం తీసేటప్పుడు సన్నని సూదితో బలంగా లాగినా, ట్యూబును గట్టిగా కుదిపినా, ఎండలో మోటారు సైకిలు డిక్కీలో పెట్టి పంపినా కొన్ని కణాలు పగిలి అవన్నీ ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, కలుస్తాయి. ప్లాస్మా గడ్డిపసుపు రంగులో ఉండవలసింది, లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు కంటికి ఆనకముందే మైక్రోఆర్‌ఎన్‌ఏ లెక్కలు తారుమారవుతాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే హెపారిన్ ట్యూబులో ఉంటే, మైక్రోఆర్‌ఎన్‌ఏను లెక్కించే పీసీఆర్ పరీక్షే సరిగా నడవదు. రోగుల రక్తం ఒక ఆసుపత్రిలో ఉదయం, ఆరోగ్యవంతుల రక్తం మరొక చోట సాయంత్రం తీస్తే, యంత్రం కనిపెట్టేది క్యాన్సర్‌ను కాదు, రక్తం తీసిన తీరును. మంచి ప్రయోగశాలలు ఇందుకే ప్రతి ప్లాస్మాలోనూ 414 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి దగ్గర హీమోగ్లోబిన్ ఎంత ఉన్నదో ముందుగా కొలుస్తాయి.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలకు కూడా ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏ ఉంటుందా? — ఇందుకూరుపేట

జవాబు: ఉంటుంది. రొయ్యకు మనలాగ యాంటీబాడీలు లేవు కనుక మనకు తెలిసిన తరహా టీకా దానికి పనిచేయదు. పుట్టుకతో వచ్చిన రక్షణలోనే చిన్న ఆర్‌ఎన్‌ఏల పాత్ర పెద్దది. 1990ల నడుమ మీ తీరంలో చెరువులను ఎండగట్టిన తెల్లమచ్చ వైరస్ కూడా ఆర్‌ఎన్‌ఏ తునకలను సొంతంగా తయారు చేసుకొంటుంది. వాటిలో ఒకటి రొయ్య కణంలోని కాస్పేస్-8 అనే ప్రొటీన్‌ను తగ్గించి, వైరస్ సోకిన కణం తనను తాను చంపుకోకుండా అడ్డుకొంటుందని కురుమా జాతి రొయ్యలో చూపించారు. క్యాన్సర్ కణం చావును తప్పించుకొనే ఉపాయమూ ఇటువంటిదే. చెరువులో చల్లే మందు మాత్రం దీని నుంచి ఇంకా ఏదీ రాలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బా అమ్మవస్తే కొనవద్దు. పీసీఆర్ చేయించిన సీడు వేసుకోవడమే ఇప్పటికీ మీకు ఉన్న రక్షణ.

ప్రశ్న: మరి మందు ఎప్పుడు వస్తుంది? — దర్శి

జవాబు: క్యాన్సర్‌కు మైక్రోఆర్‌ఎన్‌ఏ మందు ఏదీ ఇంతవరకు ఆమోదం పొందలేదు. మిర్-34 అనేది పీ-53 అనే రక్షక ప్రొటీన్ ఆజ్ఞతో పుట్టి కణం పెరుగుదలను ఆపుతుంది. దాని నమూనాను కొవ్వు బుడగలలో ఇమిడ్చి ఎంఆర్‌ఎక్స్-34 పేరుతో 2013లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరిలో కణితి తగ్గింది కూడా. అయితే మరికొందరిలో రోగనిరోధక వ్యవస్థ ప్రాణాంతకంగా చెలరేగడంతో 2016లో ఆ ప్రయత్నాన్ని నిలిపివేశారు. క్యాన్సర్ కోసం ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏ తెల్ల రక్తకణాలకు కూడా చేరుతుంది, వాటికి అది వైరస్ చొరబాటులా తోచవచ్చు. నెల్లూరు విద్యార్థిని అడిగిన లంకె ఇక్కడ ప్రమాదంగా బయటపడింది. మిర్-155ను అడ్డుకొనే మందులకు కూడా ఇటువంటి చిక్కే ఉన్నది: లింఫోమాకు మేలు చేయవచ్చు గాని, కణితులను వేటాడే టి-కణాలకు మిర్-155 కావాలని 2013లో ఎలుకలలో తేలింది.

2018లో ఆమోదం పొందిన పాటిసిరాన్ అనే మందును కొన్ని పత్రికలు మైక్రోఆర్‌ఎన్‌ఏగా రాస్తున్నాయి, అది పొరపాటు. అదీ ఆర్గొనాట్ సాయంతోనే పనిచేస్తుంది గాని, ఒకే ఒక్క జన్యువుకు గురిపెట్టి కృత్రిమంగా తయారు చేసిన వేరే తరగతి ఆర్‌ఎన్‌ఏ.

ప్రశ్న: నా పీహెచ్‌డీ ముగింపుకు వచ్చింది. ఈ రంగంలోనే పోస్ట్‌డాక్ చేయాలని ఉన్నది. ప్రయోగశాలను ఎలా ఎంచుకోవాలి? — పరిశోధక విద్యార్థిని, కావలి

జవాబు: ముందుగా మీ సమస్యను ‘మైక్రోఆర్‌ఎన్‌ఏ’ అని కాకుండా ‘ఫలానా కణం ఫలానా చోట ఎందుకు ఆగడం లేదు’ అని రాసుకోండి. మైక్రోఆర్‌ఎన్‌ఏ పేరుతో వస్తున్న పరిశోధన పత్రాలలో ఒక పాత మూస నడుస్తున్నది. ఇరవై ముప్పై మంది రోగుల కణితులలో ఏది పెరిగిందో ఏది తగ్గిందో ఎర్ర, పచ్చ గళ్ల పటం వేస్తారు. కంప్యూటరు సూచించిన వందల లక్ష్యాలలో పేరున్న క్యాన్సర్ జన్యువు ఒకటి ఏరుకొంటారు. ప్రయోగశాలలో సులువుగా పెరిగే ‘293’ అనే రకం కణాలలోకి సహజంగా ఉండే దానికి ఎన్నో రెట్లు మైక్రోఆర్‌ఎన్‌ఏను గుమ్మరించి, లక్ష్యానికి గుర్తుగా తగిలించిన, వెలుగు పుట్టించే లూసిఫరేజ్ అనే ప్రొటీన్ వెలుగు తగ్గిందని చూపించి ముగిస్తారు. అంత మోతాదులో చేస్తే చాలా జతలు అంటుకొంటాయి. దాని వల్ల ‘అంటుకోగలదు’ అని తెలుస్తుంది గాని, రోగి కణంలో అంటుకొంటున్నదని గాని, అంటుకోవడం వల్లే జబ్బు మారుతున్నదని గాని తేలదు. ఒక దాని స్థాయి మారడమే దాని నేరానికి రుజువు అన్నట్టు రాసే పత్రాలను చదివితే నాకు విసుగు వస్తుంది.

కనుక మీరు చేరబోయే ప్రయోగశాల పాత పత్రాలను తీసి మూడు సంగతులు చూడండి. మైక్రోఆర్‌ఎన్‌ఏను పెంచి మాత్రమే చూశారా, తీసివేసి కూడా చూశారా? అంటుకొనే చోటును, జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో జన్యువులోనే మార్చి చూశారా? ప్రయోగం ఏళ్ల తరబడి ప్లాస్టిక్‌లో పెరిగిన కణాలలోనే ఆగిందా, ఎలుక ప్లీహం నుంచో రోగి రక్తం నుంచో అప్పుడే తీసిన కణాలలో కూడా జరిగిందా? మూడూ ఉన్న చోటు చిన్నదైనా వెళ్లండి.

దేశంలోనే ఉండదలిస్తే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, పుణేలోని ఎన్‌సీసీఎస్, నవీ ముంబైలోని యాక్ట్రెక్ వంటి పరిశోధన సంస్థలలో కణజీవశాస్త్రం, క్యాన్సర్ పరిశోధన బలంగా ఉన్నాయి. సొంతంగా ఫెలోషిప్ తెచ్చుకొన్నవారిని చాలా ప్రయోగశాలలు సులువుగా లోపలికి రానిస్తాయి. జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లది. దానికి వయోపరిమితి ఉన్నది కనుక సిద్ధాంత గ్రంథం సమర్పించే నాటికే ప్రతిపాదన రాసి ఉంచుకోండి. యూరప్ వారి మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ పూర్తయిన ఎనిమిదేళ్ల లోపు దరఖాస్తు చేయాలి. విదేశం నుంచి తిరిగి వచ్చేవారికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్ ఐదేళ్లు ఉంటుంది. వెళ్లే ముందే దాని షరతులు చదివి వెళితే తిరిగివచ్చే దారి చేతిలో ఉంటుంది.

ప్రొఫెసరుకు రాసే లేఖ ఒక పుట దాటకూడదు. ఆయన పత్రాలలో ఒక దాని పేరు చెప్పి, అందులో మిగిలిపోయిన ప్రశ్న ఏమిటో, దానికి మీరు చేయగల ప్రయోగం ఏమిటో నాలుగు వాక్యాలలో రాయండి. పిలుపు వస్తే, ఆయనతో మాట్లాడే ముందే ఆ ప్రయోగశాలలో పనిచేసి వెళ్లినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో వెదకండి, వీలైతే ఒకరిద్దరితో ఫోనులో మాట్లాడండి. మీకు కావలసిన ఎలుకలు ఇప్పటికే అక్కడ ఉన్నాయా, తెప్పించాలా అని అడగండి. వేరే దేశం నుంచి తెప్పించి, సరిపడా పెంచుకొనేసరికి ఒప్పందంలో మొదటి ఏడాది గడిచిపోతుంది. వెళ్లిపోయేటప్పుడు మీ సమస్యలో ఎంత భాగాన్ని మీ వెంట తీసుకొనిపోవచ్చునన్న మాట కూడా చేరకముందే తేల్చుకొని, ఈమెయిలులో రాతపూర్వకంగా తెప్పించుకోండి.